ఫ్లూట్, పికోలోలో పై స్వరాలు, పెదవుల అమరిక: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఫ్లూట్ పట్టుకునేవాళ్ళు రకరకాలు. స్కూలు బ్యాండు పిల్లలున్నారు, చర్చి క్వైర్‌తో వాయించేవాళ్ళున్నారు. నేవీ బ్యాండు చూసి మోజుపడ్డవాళ్ళు కొందరైతే, వేణువు నేర్చుకుని ఇటు వచ్చినవాళ్ళు ఇంకొందరు. అందరూ అడిగేది మాత్రం తిప్పితిప్పి ఒకటే: పైకి వెళ్ళేకొద్దీ శబ్దం ఎందుకు కీచుమంటోంది, లేదా అసలు ఎందుకు రావట్లేదు? ఇక్కడున్నవన్నీ పాఠాల మధ్యలో, ఫోన్లలో మళ్ళీ మళ్ళీ వచ్చిన ప్రశ్నలు. ఇందులో ఫ్లూట్ అంటే వేణువు కాదు, మీటలున్న లోహపు ఫ్లూట్. పికోలో అంటే దాని చిన్న రూపం. పియానో మధ్యలో ఉండే సి నుంచి మొదటి ఆక్టేవ్ (స్థాయి) అని లెక్కపెట్టుకోండి.

కింది స్వరాలు బాగానే వస్తున్నాయి, పైవి రావట్లేదు. నా పెదవుల లోపమేనా?

కావచ్చు. కానీ ముందే ఆ నిర్ణయానికి వచ్చేయకండి. పెదవులు సరిగ్గా లేవని బాధపడుతూ వచ్చేవాళ్ళలో చాలామందికి అసలు తేడా వేరేచోట ఉంటుంది.

ముందు వేళ్ళు చూసుకోండి. మొదటి రెండు ఆక్టేవ్‌లకి దాదాపు అవే వేళ్ళు. రెండో ఆక్టేవ్ డి, ఇ ఫ్లాట్‌లకి ఎడమ చూపుడు వేలు లేపడం ఒక్కటే చెప్పుకోదగ్గ మార్పు. మూడో ఆక్టేవ్‌లో డి దగ్గర్నుంచి కథ మారిపోతుంది. రెండో ఆక్టేవ్ ఇ వేళ్ళనే ఉంచి గట్టిగా ఊది మూడో ఆక్టేవ్ ఇ రాబట్టాలని చూసే పిల్లలు ఎంతోమంది. ఒక్కోసారి వస్తుంది కూడా, అదే అసలు చిక్కు. అక్కడ ఎడమ ఉంగరపు వేలు లేవాలి. చార్టు చూసి ఒక్కో స్వరానికి వేళ్ళు సరిచూసుకోండి.

తర్వాత వాయిద్యం. కింది డి, సి లను మెల్లగా వాయించి చూడండి. మీటల్ని గట్టిగా నొక్కితే తప్ప పలకకపోతే ఎక్కడో ప్యాడ్ (మీట కింద రంధ్రాన్ని మూసే మెత్త) సరిగ్గా మూసుకోవట్లేదని అర్థం. మన ఊరి తేమకి ప్యాడ్లు ఉబ్బుతాయి, అంటుకుంటాయి. ఉప్పుగాలికి లోపలి స్టీలు స్ప్రింగులు తుప్పు పడతాయి. సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్ళు వాయించడం అయ్యాక ఫ్లూట్‌ను స్టాండు మీద వదిలేయకుండా తుడిచి పెట్టెలో పెట్టుకోవాలి. గాలి కారే ఫ్లూట్ మీద పై స్వరాలు సాధన చేస్తే పెదవులు చెడ్డ అలవాట్లు నేర్చుకుంటాయి.

ఇంకొకటి, ఎవరూ చూడనిది. హెడ్ జాయింట్ (ఊదే రంధ్రం ఉన్న ముక్క) చివర మూతలా ఉండే భాగం లోపల కార్క్ ఉంటుంది. ఊదే రంధ్రం మధ్య నుంచి అది సుమారు 17 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. క్లీనింగ్ రాడ్ మీద గీత ఉంటుంది కదా, రాడ్‌ను లోపలికి తోస్తే ఆ గీత రంధ్రానికి సరిగ్గా మధ్యలో కనిపించాలి. పిల్లలు ఊరికే కూర్చున్నప్పుడు ఆ మూతని తిప్పుతూ ఉంటారు. కార్క్ జరిగిపోతే మూడు డి లూ ఒకదానితో ఒకటి శ్రుతి కలవవు, పై ఆక్టేవ్ బిగుసుకుపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే పెదవుల సంగతి చూడాలి.

సరే, అన్నీ బాగున్నాయి. ఇప్పుడు పెదవులు ఏం చేయాలి?

ఫ్లూట్‌లో రీడ్ (ఊదితే అదిరే పల్చని పుల్ల) ఉండదు. పెదవుల మధ్య నుంచి వచ్చే సన్నని గాలి ధార ఊదే రంధ్రం ఎదుటి అంచుకి తగిలి ఒకసారి గొట్టంలోకి, ఒకసారి బయటికి ఊగుతుంది. ఆ ఊపే మనకి వినిపించే స్వరం. మధ్య సి సెకనుకు దాదాపు 262 సార్లు ఊగుతుంది, మూడు ఆక్టేవ్‌ల పైనున్న సి 2093 సార్లు, అంటే ఎనిమిది రెట్లు. అంత త్వరగా ఊగాలంటే ధార పెదవి దగ్గర్నుంచి అంచుకి చేరే సమయం బాగా తగ్గాలి. అందుకు దారులు రెండే: ధార వేగం పెంచడం, లేదా ఆ దూరం తగ్గించడం.

కొత్తవాళ్ళు మొదటి దారినే పడతారు, అదీ ఎక్కువ గాలి తోసి. అనుభవం ఉన్నవాళ్ళు రెండూ కొంచెం కొంచెం చేస్తారు. పెదవుల్ని కాస్త ముందుకి తెస్తారు, దాంతో దూరం తగ్గుతుంది. మధ్యలో సందుని చిన్నది చేస్తారు, దాంతో అదే ఒత్తిడితో తక్కువ గాలి చాలుతుంది. అందుకే వాళ్ళు పై స్వరాన్ని మెత్తగా కూడా వాయించగలరు.

ఫ్లూట్ లేకుండా ఇలా చేసి చూడండి. అరచేతిని మొహానికి జానెడు దూరంలో పెట్టి ఊదండి. చల్లగా తగిలే చోటు ఎంత పెద్దదో గమనించండి. చెయ్యంతా తగులుతుంటే సందు పెద్దగా ఉన్నట్టు. దాన్ని రూపాయి బిళ్ళంత చేయండి, ఇంకా చిన్నది చేయండి. తర్వాత తల కదపకుండా, కింది పెదవిని, దవడని రవ్వంత ముందుకి జరుపుతూ ఆ చల్లని చోటుని అరచేతి కింది నుంచి వేళ్ళ వైపు ఎక్కించండి. కింది స్వరాలకి ధార కొంచెం కిందికి, పై స్వరాలకి కొంచెం ఎదురుగా వెళ్ళాలి. ఫ్లూట్ మీద చేయాల్సిన కదలిక ఇదే, కాకపోతే ఇంకా చిన్నగా. అద్దంలో చూస్తే పక్కవాళ్ళకి తెలియనంత చిన్నగా ఉండాలి.

పెదవుల మూలలు గట్టిగా ఉండాలి, మధ్యభాగం మెత్తగా ఉండాలి. అందరికీ తారుమారయ్యేది ఇక్కడే. మధ్యలో నొక్కేసి మూలలు వదిలేస్తే గాలి పక్కల నుంచి కారిపోతుంది, శబ్దంలో బుసబుస మిగులుతుంది.

గొంతు సంగతి మర్చిపోవద్దు. పై స్వరం వస్తోందనగానే గొంతు పట్టేయడం, భుజాలు లేవడం చాలామందికి అలవాటు. 'ఓ' అంటున్నట్టు లోపల ఖాళీ ఉంచండి. దన్ను పొట్ట దగ్గర్నుంచి రావాలి.

పెదవులు నవ్వుతున్నట్టు సాగదీస్తే పై స్వరాలు వస్తాయని మా సీనియర్ చెప్పాడు. నిజమా?

స్వరం వస్తుంది, దాని వెనక ఖర్చు తర్వాత తెలుస్తుంది. పెదవులు సాగదీస్తే సందు సన్నబడుతుంది నిజమే, కానీ పెదవులు పళ్ళకి అతుక్కుని అంచుకి దూరమైపోతాయి. దూరం పెరిగితే వేగం ఇంకా పెంచాలి, దానికి ఇంకా గట్టిగా ఊదాలి. శబ్దం పల్చబడి శ్రుతి పైకి ఎక్కుతుంది. సాగదీసిన కండరం త్వరగా అలిసిపోతుంది కూడా. పాత పద్ధతి పుస్తకాల్లో నవ్వు బొమ్మలు కనిపిస్తాయి. నా మట్టుకు నేను ఎవరికీ ఆ పద్ధతి చెప్పను. మూలల్ని పక్కలకి కాదు, కొంచెం ముందుకి, కొంచెం కిందికి నడిపించండి.

గట్టిగా ఊదితే వస్తోంది కదా, అలాగే వాయిస్తే తప్పేంటి?

ఒక పాటకి సరిపోతుంది. రెండో పాటకి ఊపిరి మిగలదు. పైగా ఎప్పుడు చూసినా పెద్ద శబ్దమే. రాగంలో మెల్లగా పైకెళ్ళి ఆగాల్సిన చోట కూడా అరిచినట్టే ఉంటుంది.

వాయించాక గడ్డం మీద ఎర్రటి గీత పడుతోంది. ఫర్వాలేదా?

మీరు ఫ్లూట్‌ని గడ్డానికి అదుముతున్నారన్నమాట. పైకి వెళ్ళేకొద్దీ ఇంకా అదుముతారు. అదిమితే కింది పెదవి కదలలేదు, ఎంతసేపూ కదలాల్సిందేమో అదే. ఫ్లూట్ బరువు మూడుచోట్ల ఆనాలి: ఎడమ చూపుడు వేలి మొదలు, కుడి బొటనవేలు, గడ్డం. రెండో ఆక్టేవ్‌లో ఒక స్వరం పట్టి, అది నడుస్తుండగానే అదుముడు వదులు చేయండి. శబ్దం పోకుండా ఎంతవరకు వదులు చేయగలరో అంతే మీకు కావాల్సింది.

హార్మోనిక్స్ సాధన అంటే ఏమిటి? నిజంగా పనికొస్తుందా?

పై స్వరాలకి ఒక్కటే సాధన చెప్పమంటే నేను ఇదే చెప్తాను. కింది సి వేళ్ళు పెట్టి, వేళ్ళు కదపకుండా, పెదవులతోనే ఒక్కో మెట్టు ఎక్కాలి. వరసగా సి, దాని పై సి, జి, మరో సి, ఇ, జి వస్తాయి. ఇంకా పైన బి ఫ్లాట్ కూడా దొరుకుతుంది కానీ శ్రుతి బాగా తక్కువగా ఉంటుంది, దాన్ని వదిలేయండి.

తొందరపడితే ఇందులో ఫలితం ఉండదు. మూడో మెట్టు జి దగ్గర ఆగి, దాన్ని నిలబెట్టి, ఊపిరి తెగకుండానే వేళ్ళని అసలు జి వేళ్ళకి మార్చండి. స్వరం ఒక్కసారిగా హాయిగా తెరుచుకుంటుంది. కష్టమైన గొట్టంలో పట్టిన పెదవుల అమరికకి సులువైన గొట్టం దొరికింది కాబట్టి. ఆ అమరికనే గుర్తుపెట్టుకోవాలి. ఇలాగే సి షార్ప్, డి వేళ్ళ మీద కూడా చేయండి. మెట్టు ఎక్కేటప్పుడు శబ్దం పెరుగుతుంటే గాలితో ఎక్కుతున్నారు, పెదవులతో కాదు. ఎక్కడం వచ్చాక దిగడం మొదలుపెట్టండి. పై జి నుంచి ఇ కి జారకుండా దిగడం ఎక్కడం కన్నా కష్టం.

ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్ ఈ మూడే ఎందుకు మొండికేస్తాయి?

మీ తప్పు కన్నా ఫ్లూట్ కట్టుబడి తప్పు ఎక్కువ. 1847లో థియోబాల్డ్ బోమ్ తయారుచేసిన గొట్టమే కొద్దిపాటి మార్పులతో మన చేతుల్లో ఉంది. గొప్ప ఇంజినీరింగే, కానీ కొన్ని రాజీలు తప్పలేదు. మూడో ఆక్టేవ్ ఇ కి ఎడమ ఉంగరపు వేలు లేపితే రెండు రంధ్రాలు ఒకేసారి తెరుచుకుంటాయి, నిజానికి ఒకటి తెరుచుకుంటే చాలు. అందుకే స్ప్లిట్ ఇ అనే అదనపు ఏర్పాటున్న ఫ్లూట్లు వచ్చాయి. మీ ఫ్లూట్‌కి అది లేకపోతే కుడి చిటికెన వేలిని మీట మీద నుంచి తీసేసి ప్రయత్నించండి. ఇ త్వరగా పలుకుతుంది, శ్రుతీ కొంచెం దిగుతుంది.

ఎఫ్ షార్ప్‌కి కుడి ఉంగరపు వేలి బదులు మధ్య వేలు వాడి చూడండి. జి షార్ప్ శ్రుతి ఎక్కువ పలుకుతుంటే కుడి మధ్య, ఉంగరపు వేళ్ళు రెండూ కలపండి. వేగంగా సాగే చోట ఇవన్నీ కుదరవు, నిలబెట్టే స్వరాలకి వాడుకోండి.

నా పై పెదవి మధ్యలో చిన్న బొడిపె ఉంది. గాలి రెండుగా చీలిపోతోంది. నేను ఫ్లూట్ మానేయాలా?

అక్కర్లేదు. చాలామంది మంచి వాయిద్యకారులు సందుని మధ్యలో కాకుండా పక్కకి పెట్టుకునే వాయిస్తారు. మీకు ఏ పక్కన ధార సూటిగా వస్తుందో అరచేతి పరీక్షతో తెలుసుకుని, ఊదే రంధ్రాన్ని ఆ పక్కకి జరపండి. అద్దంలో అందంగా మధ్యలో ఉండాలని పట్టుబట్టే టీచర్ దొరికితే నవ్వి ఊరుకోండి.

మీసం అడ్డమా?

అడ్డం కాదు. పై పెదవి అంచు మీదికి వాలే వెంట్రుకలు మాత్రం ధారని కదిలిస్తాయి, అంతవరకు కత్తిరించుకుంటే చాలు.

మా అమ్మాయికి పళ్ళకి క్లిప్పులు వేశారు. పై స్వరాలు పూర్తిగా పోయాయి.

పోలేదు, చోటు మారాయి. లోపల క్లిప్పులున్నందున పెదవులు కొంచెం ముందుకొచ్చాయి, పాత కొలతలు పనిచేయవు. కొన్ని వారాలపాటు మొదటి రెండు ఆక్టేవ్‌లలోనే పొడుగు స్వరాలు వాయించనివ్వండి. పెదవి లోపల గీసుకుంటుంటే డెంటిస్టుని మైనం అడగండి. క్లిప్పులు తీసేశాక మళ్ళీ ఇదే తంతు ఉంటుంది, అప్పుడు కంగారుపడకండి.

నాలుక కొట్టగానే పై స్వరం పగిలిపోతోంది. నాలుక లేకుండా బాగానే వస్తోంది.

ఇంగ్లీషు పుస్తకం చూసి 'టు' అని కొడుతున్నారేమో చూసుకోండి. మనం ట అన్నప్పుడు నాలుక వెనక్కి మడుస్తాం, అది ఆలస్యం, బరువు. త అన్నట్టు నాలుక కొన పై పళ్ళ మొదట్లో తగిలితే చాలు: 'తు'. ఇంకో పని చేయండి. నాలుక అసలు వాడకుండా పెదవులతోనే 'పు, పు, పు' అంటూ ఒక్కో స్వరాన్ని మొదలుపెట్టండి. పెదవులు విడివడిన క్షణంలో స్వరం వచ్చిందంటే సందు సరైన చోటే ఉన్నట్టు.

పికోలో ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

ఫ్లూట్ మీద మూడో ఆక్టేవ్ జి వరకు మెల్లగా, శ్రుతి తప్పకుండా వస్తున్నప్పుడు. దానికన్నా ముందు ఇస్తే పిల్లలు పెదవులు బిగించడం తప్ప ఏమీ నేర్చుకోరు. బ్యాండులో ఖాళీ ఉందని, వాయిద్యం చిన్నదని చిన్న పిల్లాడి చేతిలో పికోలో పెట్టడం నాకు అర్థంకాని ఆచారం.

పికోలోకి పెదవులు ఎలా మారాలి?

పికోలో పొడవు ఫ్లూట్‌లో సగం. రాసిన దానికన్నా ఒక ఆక్టేవ్ పైన పలుకుతుంది. సాధారణంగా అట్టడుగు స్వరం డి. పైన సి పలికితే అది పియానో చివరి మీట, సుమారు 4186 హెర్ట్జ్. ఊదే రంధ్రం కూడా చిన్నదే కాబట్టి దాన్ని కింది పెదవి మీద ఫ్లూట్ కన్నా రవ్వంత పైన పెట్టాలి. సందు ఇంకా చిన్నగా, కదలికలు ఇంకా తక్కువగా ఉండాలి. వెంట్రుకవాసి కదిలినా శ్రుతి మారిపోతుంది.

గాలి మొత్తం తక్కువ, దన్ను మాత్రం ఎక్కువ. ఈ రెండిటినీ కలిపి చేయలేకే జనం పెదవులు పిండేస్తారు. పిండితే శ్రుతి ఎక్కి, శబ్దం సూదిలా గుచ్చుతుంది. పికోలో మీద కింది ఆక్టేవ్ అందంగా పలికించడానికి ఎక్కువ సమయం పెట్టండి. ఆ మెత్తదనం పెదవులకి అలవాటైతే పైన బిగింపు దానంతటదే తగ్గుతుంది.

ఎప్పుడూ ఫ్లూట్‌తో మొదలుపెట్టి, తర్వాత పికోలో, చివర్లో మళ్ళీ కొంచెం ఫ్లూట్. లేకపోతే మర్నాడు ఫ్లూట్ మీద కింది సి దొరకదు. చెక్క పికోలో అయితే ఏసీ గదిలోంచి నేరుగా మే నెల ఎండలోకి తీసుకెళ్ళకండి, చెక్క చీలే ప్రమాదం ఉంది.

చెవులు పాడవుతాయా?

పికోలో పై స్వరాలు వాయించేవాళ్ళ కుడి చెవి దగ్గర శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. చిన్న గదిలో ఇంకా కష్టం. సాధనలో కుడి చెవికైనా ఇయర్ ప్లగ్ పెట్టుకోండి. ఇందులో బేరాలు లేవు.

వేసవిలో నా పై స్వరాలన్నీ శ్రుతి ఎక్కువ పలుకుతున్నాయి. పెదవులతో దించాలా?

కొంతే. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది, శ్రుతి ఎక్కుతుంది. లెక్క ప్రకారం డిగ్రీకి దాదాపు 3 సెంట్లు (అరస్వరంలో నూరోవంతు ఒక సెంటు). ఊపిరి వేడి ఎలాగూ లోపల ఉంటుంది కాబట్టి నిజంలో కొంచెం తక్కువే తేడా వస్తుంది. అయినా ఏసీ గదిలో శ్రుతి చేసుకుని 35 డిగ్రీల ఆరుబయట వాయిస్తే చెవికి తెలిసిపోతుంది. ముందు హెడ్ జాయింట్‌ని కొంచెం బయటికి లాగండి. మిగిలింది ధారని రవ్వంత కిందికి తిప్పి సరిచేయండి. పెదవులతోనే మొత్తం దించాలని ఫ్లూట్‌ని లోపలికి తిప్పేస్తే రంధ్రం మూసుకుపోయి శబ్దం చచ్చిపోతుంది.

కీబోర్డుతో వాయించేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం, అది ఎండకి ఎక్కదు.

బీచ్ రోడ్డు మీద మార్చ్ చేస్తూ వాయిస్తే పై స్వరాలు మాయమైపోతున్నాయి. ఇంట్లో బాగానే వస్తాయి.

2016లో అంతర్జాతీయ ఫ్లీట్ రివ్యూ అప్పుడు బీచ్ రోడ్డు మీద జరిగిన సిటీ పరేడ్ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అలాంటి చోట వినిపించేది ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములే. ఫ్లూట్ ధార పెదవి నుంచి అంచు దాకా ఆరుబయటే ప్రయాణిస్తుంది. సముద్రపు గాలి అడ్డంగా కొడితే ఆ ధార అంచుని తప్పిపోతుంది. మీ పెదవుల తప్పేం లేదు. నిలబడి వాయించేటప్పుడు గాలికి వీపు పెట్టండి. మార్చ్‌లో అది కుదరదు కాబట్టి పెదవులు ఇంకొంచెం ముందుకి తెచ్చి దూరం తగ్గించండి. సాధన ఆరుబయట చేయాలనుకుంటే తెల్లవారుజామున వెళ్ళండి, మధ్యాహ్నం నుంచి సముద్రం వైపు నుంచి గాలి పెరుగుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. రాత్రి పై స్వరాలు సాధన చేస్తే కింది ఫ్లోర్ వాళ్ళు కొడతారు.

న్యాయమే. రాత్రిపూట విజిల్ టోన్లు చేయండి. పై స్వరం వేళ్ళు పెట్టి, పెదవులు పూర్తిగా వదులుగా ఉంచి, ఊపిరి తీసినంత మెల్లగా అంచు మీదికి గాలి వదలండి. ఈలలా సన్నని శబ్దం వస్తుంది, పక్క గదికి కూడా వినిపించదు. మొదట్లో అది ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎగురుతూ ఉంటుంది. దాన్ని ఒకేచోట నిలబెట్టగలిగితే పెదవుల మీద మీకు పట్టు వచ్చినట్టు. పగటి సాధన కన్నా దీనివల్లే కొందరికి ఎక్కువ లాభం కనిపించింది.

నేను వేణువు వాయిస్తాను. తారస్థాయి బాగా వస్తుంది. ఫ్లూట్ మీద ఎందుకు రావట్లేదు?

1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల విజయనగరంలో ఉంది కదా, ఈ ప్రాంతంలో వేణువుతో మొదలుపెట్టి ఇటు వచ్చేవాళ్ళు తక్కువేం కాదు. మీకు ఇప్పటికే ఒక మేలుంది: పెదవితో స్థాయి మార్చడం తెలుసు. ఇబ్బంది రెండుచోట్ల. వెదురు మీద పెదవి నేరుగా ఆనుతుంది, ఇక్కడ లిప్ ప్లేట్ (పెదవి ఆనించే రేకు) ఉంది, అంచు ఎత్తు, కోణం వేరు. మీ అలవాటు ప్రకారం రంధ్రాన్ని ఎక్కువ కప్పేస్తారు. దాదాపు మూడోవంతుకి మించి కప్పకండి. రెండోది, గమకం కోసం వాయిద్యాన్ని తిప్పే అలవాటుంటే మూడో ఆక్టేవ్‌లో అది స్వరాన్ని పగలగొడుతుంది. ముందు స్వరాన్ని సాదాగా నిలబెట్టండి. గమకాలు తర్వాత.

రోజుకి ఎంతసేపు?

పై స్వరాలు మాత్రమే అయితే పదిహేను నిమిషాలకి మించొద్దు, అదీ మధ్య ఆక్టేవ్‌లో పెదవులు వేడెక్కాక. పెదవి వణకడం మొదలైతే ఆపేయాలి. అలిసిన పెదవి బిగింపునే నేర్చుకుంటుంది.

గ్రేడ్ పరీక్షలో టెన్షన్‌కి పై స్వరం దగ్గర పెదవులు ఎండిపోతాయి.

నీళ్ళ సీసా లోపలికి తీసుకెళ్ళండి. లిప్ బామ్ రాసుకుంటే జారుతుంది, వాయించే ముందు తుడిచేయండి. పై స్వరానికి ముందున్న ఊపిరి చోటుని పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి. టెన్షన్‌లో అందరూ ఎగ్గొట్టేది ఆ ఊపిరినే. పెదవులు ఆ స్వరం ఆకారానికి ముందే, దానికి రెండు స్వరాల ముందే వచ్చేయాలి. స్వరం వచ్చాక సర్దుకుందాం అనుకుంటే ఆలస్యమైపోతుంది.

ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తిని వెంటనే వాయించొచ్చా?

నోరు బాగా పుక్కిలించి, పెదవులకి అంటిన నూనె, కారం తుడుచుకున్నాక. కూల్ డ్రింక్ తాగితే ఇంకా ముఖ్యం. ఆ తీపి ఉమ్మితో లోపలికి వెళ్ళి ప్యాడ్లు అంటుకుంటాయి.